ఎం.ఫార్మసీ కాగానే లెక్చరర్‌గా చేరడమా, ముందు రెండేళ్లు దవాఖానలో పనిచేయడమా?

పాలమూరు ఫార్మసీ:
నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీల్లో టీచింగ్‌లోకి రావాలనుకునే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. లెక్చరర్ కొలువుకు అర్హత చదువుతోనే వస్తుంది. అయినా ఫార్మసీ ప్రాక్టీస్ (పేషెంటుకు మందు ఇచ్చి, వాడే తీరు చెప్పే సబ్జెక్టు) చెప్పబోయేవాళ్లు ముందు కనీసం రెండేళ్లు వార్డులోనో కౌంటర్ దగ్గరో పనిచేయాలని నా గట్టి అభిప్రాయం. మందు ఇవ్వడం చేతికి రానివాళ్లు దాన్ని ఇంకొకరికి నేర్పలేరు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ల్యాబ్ కోటు:
కాదంటాను సార్. ప్రమోషన్‌కు లెక్కేసేది బోధన, పరిశోధన చేసిన ఏళ్లను. మెడికల్ షాపులో గడిపిన రెండేళ్లు ఆ లెక్కలోకి రావు. ఇరవై అయిదేళ్లకు ఎం.ఫార్మసీ ముగించి, ఇంటి బరువు మోసే పిల్లకు అది చిన్న నష్టం కాదు. పైగా సబ్జెక్టులన్నీ ఒకటి కావు. ఫార్మాస్యూటిక్స్, అంటే మందుల తయారీ, చెప్పేవాళ్లకు కౌంటర్ కంటే జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో టాబ్లెట్ సెక్షన్ చూడటమే మేలు. గోలీగా నొక్కే గ్రాన్యూల్స్ (చిన్న పలుకులు) మరీ ఎండినా, పొడి ఎక్కువైనా, మెషిన్ వేగం పెంచినా గోలీ పైభాగం టోపీలా ఊడిపోతుంది. ఏ కారణంతో ఊడిందో గుర్తుపట్టడం అక్కడే వస్తుంది.

కౌంటర్ పక్క:
ఫార్మాస్యూటిక్స్ మాట ఒప్పుకుంటాను మేడం. కానీ ప్రాక్టీస్ సంగతి వేరు. ఇన్సులిన్ ఒక్కటే చూడండి.

మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. షుగర్ దిగదు. డాక్టర్ డోసు పెంచుతారు. వచ్చే నెల ఇంకో షాపువాళ్లు సరైన సిరంజి ఇస్తారు, పెంచిన డోసంతా ఒంట్లోకి పోయి మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. ఉల్టా అయితే ఇంకా ప్రమాదం: 100 సీసా, ఎర్ర మూత సిరంజి, 20 గీత అంటే అర మిల్లీలీటరు, 50 యూనిట్లు.

క్లాసులో ఇది ఒక్క వాక్యం. చెప్పి "అర్థమైందా" అంటే అందరూ అయిందంటారు. రెండు సీసాలు, రెండు రకాల సిరంజిలు బల్ల మీద పెట్టి, మూతలు తీసేసి, 20 యూనిట్లు లాగమనండి. మూత రంగు లేకపోతే సిరంజి మీది రాత చదివేవాడెవరో, చదవనివాడెవరో అప్పుడు తెలుస్తుంది. ఈ పరీక్ష పెట్టాలని తోచేది ఆ పొరపాటును ఎదురుగా చూసిన టీచరుకే.

సూర్యాపేట డి.ఫార్మ్:
డి.ఫార్మసీ పిల్లల 500 గంటల ట్రైనింగ్ సంగతి ఎవరూ ఎత్తుతలేరు. మూడు నెలలకు తగ్గొద్దని రూల్ల ఉన్నది. షాపుకు పోకుండనే సంతకం పెట్టిచ్చుకొచ్చేటోళ్లు ఉన్నరు. కొత్తోళ్లకు నేర్పేది అక్కడనే పాడైతున్నది. నేర్పేటోళ్లకు అనుభవం ఎంతున్నా, పద్ధతి లేకుంటే పిలగాడు మూడు నెలలు డబ్బాలు సర్ది పోతడు.

కౌంటర్ పక్క:
నిజం తమ్మీ. పద్ధతి రాసిపెట్టుకోవాలి. మొదటి వారం ఎక్స్‌పైరీ చూడటం, ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉందో లేదో పొద్దున, సాయంత్రం రాయడం. తర్వాత చీటీ చదవడం: మందు తీసే ముందు పేరు, బలం, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు బయటికి చెప్పాలి. హెచ్1 రిజిస్టర్ (కొన్ని యాంటీబయాటిక్స్, అలవాటు పడే మందుల అమ్మకం రాసే పుస్తకం) రోజూ వాడితోనే రాయించాలి. మూడో వారంనుంచి పేషెంటుతో మాట్లాడించాలి, మనం పక్కనే నిలబడి. అక్కడ జారేవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి. పరికరంలో పెట్టి పీల్చాల్సిన ఆస్తమా రోటాక్యాప్‌ను నీళ్లతో మింగేస్తారు. కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కవరు మీద "రోజూ కాదు, సోమవారం మాత్రమే" అని పిల్లవాడితోనే తెలుగులో రాయించి, పేషెంటుతో తిరిగి చెప్పించాలి.

ల్యాబ్ కోటు:
ఇదంతా కాలేజీలో చేరాక నేర్చుకోకూడదా? ఫార్మ్.డి (ఆరేళ్ల ఫార్మసీ డాక్టర్ కోర్సు) కాలేజీలకు ఎలాగూ 300 పడకల దవాఖాన సొంతంగానో, ఒప్పందంతోనో ఉండాలి. కొత్త లెక్చరర్‌ను వారానికి రెండు పూటలు అక్కడ వార్డు రౌండుకు పంపితే అటు సర్వీసూ పోదు, ఇటు చేతి పనీ వస్తుంది.

పాలమూరు ఫార్మసీ:
అలా అయితే నా రెండేళ్ల షరతు వదులుకుంటాను. ఒక్క సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి: ఆ రెండు పూటలను పీరియడ్ల కింద లెక్కేసి టైంటేబుల్‌లోనే రాయాలి. లేకపోతే ఎవరైనా సెలవు పెట్టిన రోజు మొదట రద్దయ్యేది వార్డు రౌండే.