యుద్ధకాలంలో చిన్న రేవులు నౌకాదళానికి ఎంతవరకు అక్కరకొస్తాయి?

మాది కాకినాడ దగ్గరి తాళ్ళరేవు ప్రాంతం. పలకల సందుల్లో నూలు దట్టించి చెక్క పడవలను బాగుచేసే పని ఇక్కడ నేటికీ చూడవచ్చు. తెరచాపల కాలంలో పక్కనే ఉన్న కోరంగిలో పెద్ద ఓడలకు సైతం మరమ్మతులు జరిగేవి.

1942 మేలో కోరల్ సముద్ర యుద్ధంలో బాంబు దెబ్బ తిన్న అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్‌ను పెర్ల్ హార్బర్‌లో సుమారు మూడు రోజుల్లోనే సిద్ధం చేసి మిడ్‌వే యుద్ధానికి పంపగలిగారంటే, 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్‌పై చేసిన దాడిలో జపాన్ అక్కడి మరమ్మతు యార్డును, చమురు ట్యాంకులను వదిలేయడం ఒక ముఖ్య కారణం. (యుద్ధాల గురించిన చర్చలు మాత్రం ఎప్పుడూ ఫిరంగుల చుట్టూనే తిరుగుతాయి.) అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖతోపాటు మా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి.

గోదావరి ఒండ్రు మేట వేసే ఈ తీరంలోని చిన్న రేవులు యుద్ధ సమయంలో ఇంధనం, మంచినీరు, చిన్నపాటి మరమ్మతుల వరకైనా నౌకాదళానికి ఉపయోగపడగలవా, లేక లోతు చాలనప్పుడు తేలియాడే డాక్ (ఓడను నీటిపైకి ఎత్తి బాగుచేసే తేలే వేదిక) ఒక్కటే మార్గమా? నౌకాదళంలోగాని, ఓడల మరమ్మతు యార్డుల్లోగాని పనిచేసినవారు దయచేసి వివరించగలరు.