మేడ మీద బ్యాండు సాధన: చెవులకు హెడ్‌ఫోన్లా, గదికి గోడలా?

మేడమీద మెలోడీ (బరంపురం):
మాది నలుగురి బృందం. ఇక్కడివాళ్లు మెలోడీ పార్టీ అంటారు, శ్రీకాకుళం నుంచి వచ్చే మా చుట్టాలు ఆర్కెస్ట్రా అంటారు. గిటారు, కీబోర్డు, ఢోలక్, పాట. పెళ్లిళ్లలో సగం తెలుగు పాటలు, సగం ఒడియా పాటలు. సాధన చేసేది అద్దె ఇంటి మేడ మీద. కింద ఇంటి యజమాని ఉంటారు. పోయిన నెల ఆయన పైకి వచ్చి, చేతులు జోడించి, కాస్త ఆపమని అడిగారు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు మాలో రెండు పక్షాలు. ఢోలక్ బదులు ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ పలక) కొని, అందరం హెడ్‌ఫోన్లు పెట్టుకుందామని కీబోర్డు అతను. అలాగైతే తాను రానని, ఆ డబ్బుతో గదిలోంచి చప్పుడు బయటికి పోకుండా చేయిద్దామని ఢోలక్ అతను. పాటలు రికార్డు కూడా చేసుకోవాలి. పెద్దలు ఏమంటారు?

తీగల పెట్టె (బరంపురం):
హెడ్‌ఫోన్లే, సందేహం లేదు. గిటారు ప్రాసెసర్‌లోంచి, కీబోర్డు, ఆక్టోప్యాడ్ నేరుగా, పాటకు ఒక మైకు. అన్నీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (వాయిద్యాల శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టె), అక్కడినుంచి నలుగురికి విడివిడిగా వినిపించే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌లోకి. ఒక జాగ్రత్త: తక్కువ ధర యూఎస్‌బీ మిక్సర్లు చాలావరకు అన్నిటినీ కలిపేసి రెండే చానళ్లుగా కంప్యూటర్‌కు పంపుతాయి. తర్వాత గిటారు ఒక్కటీ తగ్గిద్దామన్నా కుదరదు. అందుకే నాలుగు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ కొనండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం వద్దు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. అందులో పావు వంతు 125 మిల్లీసెకన్లు. బ్లూటూత్ ఆలస్యం తరచుగా అంతే ఉంటుంది, అంటే తాళం ఒక కాలు వెనక పడినట్టే. తీగ ఉన్నవి వాడి, కంప్యూటర్‌లో బఫర్ (అది ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దపు ముక్క) 128 శాంపిళ్లు పెడితే, 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక వైపు ఆలస్యం మూడు మిల్లీసెకన్లు కూడా కాదు. మీకు మీటరు దూరంలో ఉన్న ఢోలక్ శబ్దం గాలిలో మీ చెవికి చేరడానికీ దాదాపు అంతే పడుతుంది.

మృదంగం మాస్టారు (పర్లాకిమిడి):
నాయనా, లెక్క బాగుంది. కానీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నలుగురు ఒకే గదిలో ఉన్నా నాలుగు ఇళ్లలో ఉన్నట్టే. ప్రతివాడూ తనది పెంచుకుంటాడు, పక్కవాడిది తగ్గించుకుంటాడు. పెళ్లి పందిట్లో ఆ మీట ఉండదు. పాట మెల్లగా సాగుతున్నప్పుడు చెయ్యి దానంతటదే తగ్గాలి. అది ప్లాస్టిక్ పలక మీద రాదు. ఎడమ అరచేయి జారితే ఢోలక్ మూలుగుతుంది, ఆ మూలుగును ఏ ప్యాడ్ ఇస్తుంది? ఢోలక్ అబ్బాయి అలగడంలో న్యాయం ఉంది. అయినా మీ ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే వీధివీధినా బాజాలే కదా. అప్పుడు ఎవరైనా చేతులు జోడించారా?

గుడ్ల అట్టల బాధితుడు (రాయగడ):
గది కట్టే పక్షంలో నేనూ ఉండేవాణ్ని. గుడ్ల దుకాణం నుంచి అట్టలు మోసుకొచ్చి గోడలనిండా అంటించాను. గదిలో ప్రతిధ్వని తగ్గి, నా గొంతు నాకే ముద్దొచ్చింది. బయట మాత్రం ముందు ఎంత వినిపించేదో అంతే. పైగా అవి నిప్పు తగిలితే భగ్గుమనే సరుకు.

శబ్దాన్ని ఆపేది బరువు, మెత్తదనం కాదు. మన ఇటుక గోడలు ఆ పని బాగానే చేస్తాయి. దొంగలు తలుపూ కిటికీలే. గోడలో నూటికి ఒక వంతు సందు ఉన్నా చాలు, మిగతాది కోట గోడైనా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. సరే, సందులన్నీ మూశాను. మే నెలలో ఆ గదిలో ఇరవై నిమిషాలు కూర్చుంటే వాయిద్యం కాదు, మనమే తడిసిపోతాం. ఏసీ పెట్టాలంటే మళ్లీ గోడకు బెజ్జం.

మీది మేడ. నేల మీద పెట్టి వాయించే ఢోలక్ మోత గోడల జోలికే పోదు, శ్లాబులోంచి నేరుగా కిందికి దిగుతుంది. దాన్ని ఆపాలంటే గదిలో ఇంకో గది కట్టాలి. అద్దె ఇంట్లోనా?

రాత్రి డ్యూటీ (బరంపురం):
నేను నర్సును. కింద ఉండేవాళ్ల తరఫున ఒక మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని ఉంది. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. నా రాత్రి ఉదయం తొమ్మిదికి మొదలవుతుంది. ఆ నియమం నన్ను నిద్రపుచ్చదు. మాస్టారూ, యాత్ర రెండేళ్లకోసారి. వీళ్ల సాధన రోజూ. పైగా ఒకే పాటలో ఒకే ముక్క, నలభై సార్లు! యాత్రలో బాజాలు కనీసం ముందుకు కదిలిపోతాయి.

హెడ్‌ఫోన్లవాళ్లకూ ఒకటి చెప్పాలి. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు వినవచ్చన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫార్సు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. మాస్టారు చెప్పినట్టు ఎవరిది వారు పెంచుకుంటూ పోతే, కింది ఇంటాయన నిద్ర మిగులుతుంది, మీ చెవులు పోతాయి.

మృదంగం మాస్టారు (పర్లాకిమిడి):
నలభై సార్ల మాట నిజమే అమ్మా, ఒప్పుకున్నాను. ప్యాడ్ విషయంలో మాత్రం నా మాట మారదు. పాఠం నేర్చుకోవడానికి, వరసలు కంఠతా పట్టడానికి హెడ్‌ఫోన్లు వాడుకోండి. కలిసి వాయించడం మాత్రం అసలు వాయిద్యాలతోనే చేయాలి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢంలో ఉండవు. కల్యాణ మండపాలు తాళాలు వేసుకుని కూర్చుంటాయి. మీరు వాయించే మండపం వాళ్లనే అడగండి, కరెంటు ఖర్చుకు ఇస్తారు.

మేడమీద మెలోడీ (బరంపురం):
పదిహేను రోజుల తర్వాత వస్తున్నాను. ఆక్టోప్యాడ్ ఒకరి దగ్గర అడిగి తెచ్చాం, నేనే కొట్టాను. మొదటి రోజే ఇంటాయన పైకి వచ్చారు. "వాద్యాలు లేవు, పాట ఒక్కటే వినిపిస్తోంది. ఆ అబ్బాయి ఎందుకలా అరుస్తున్నాడని మా ఆవిడ కంగారు పడుతోంది" అన్నారు. ఇంకోటి, ఎవరో రోకలితో దంచుతున్నట్టుందట. అది ప్యాడ్‌కు తగిలించి కాలితో తొక్కే కిక్ పెడల్. రెండు ప్లైవుడ్ పలకల మధ్య పాత టెన్నిస్ బంతులు పేర్చి దాని కింద పెట్టాం, దంపుడు చాలావరకు తగ్గింది. పాటగాడి చుట్టూ తాళ్ల మీద అమ్మమ్మ బొంతలు వేలాడదీశాం, మైకు నోటికి దగ్గరగా పెట్టి మెల్లగా పాడమన్నాం. రికార్డింగ్‌కు కూడా ఆ బొంతలే బాగున్నాయి. ఫ్యాను ఆపాల్సి రావడం ఒక్కటే నరకం.

మండపం వాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు ఇస్తామన్నారు. ఢోలక్ అతను అక్కడికి వస్తానన్నాడు. మేడ ఎక్కనంటున్నాడు.

తీగల పెట్టె (బరంపురం):
మండపంలో రికార్డు చేయకండి. ఆ ప్రతిధ్వనిని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా తీయలేరు.

మృదంగం మాస్టారు (పర్లాకిమిడి):
అక్కడ వాయించమన్నాను. రికార్డు చేయమని ఎవరన్నారు?

రాత్రి డ్యూటీ (బరంపురం):
మీ మేడ ఏ వైపో చెబుతారా? మేము అద్దె ఇల్లు వెతుకుతున్నాం. ఆ వీధి ఒక్కటి తప్పించుకుంటాను.