ఇంటర్న్‌షిప్ కోసం కొత్త ఊరు వెళ్లాలా, ఇంటి నుంచి చేస్తే సరిపోదా?

థర్డ్‌ఇయర్_సీఎస్:
రెండు ఆఫర్లు వచ్చాయి, రెండూ బ్యాకెండ్ పనే. ఒకటి నాకెవరూ తెలియని ఊళ్లో, ఆఫీసుకెళ్లి చేయాలి. స్టైపెండ్‌లో సగానికి పైగా అద్దెకే పోయేలా ఉంది. రెండోది పూర్తిగా రిమోట్. ఊరు మారితేనే పని ఒంటబడుతుందని సీనియర్లు గట్టిగా చెప్తున్నారు. నిజంగా అంత తేడా ఉంటుందా?

ప్యాచ్_పంపినవాడు:
నా ఓటు రిమోట్‌కే. లైనక్స్ కెర్నల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) పంపే ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, ఈరోజుకీ ఈమెయిల్‌లోనే రివ్యూ అవుతున్నాయి. అలా ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు రాసే కెర్నల్ కోడ్ మార్పులను చూసుకోవడానికే లైనక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ 2005లో గిట్ రాశాడు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లతో పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ మొదలైందీ అదే ఏడాది. అందులో విద్యార్థులు ఊరు కదలకుండానే మెంటార్ దగ్గర నేర్చుకుంటున్నారు. అద్దెకి పోసే డబ్బు మిగిలితే ఇంకో సెమిస్టర్‌కి పనికొస్తుంది.

బైసెక్ట్:
బ్రో, మీరు చెప్పిన ఉదాహరణలన్నీ నిజమే. కానీ కెర్నల్‌కి ప్యాచ్ పంపేవాడికి తన సందేహాన్ని రాతలో పెట్టడం అప్పటికే వచ్చి ఉంటుంది. ఇంటర్న్‌కి రానిదే అది.

నేను కొత్త ఊరెళ్లే చేశాను. మొదట్లో ఒక టెస్టు నా ల్యాప్‌టాప్‌లో పాసవుతుంది, సీఐలో (కోడ్ పంపగానే టెస్టులన్నీ తనంతట తానే నడిపే సర్వర్‌లో) ఫెయిలవుతుంది. నా కోడ్‌నే తిప్పి తిప్పి చదువుతున్నాను. పక్క సీట్లో ఉన్న సీనియర్ కుర్చీ జరుపుకుని వచ్చి, కోడ్ తెరవనే లేదు. లాగ్‌లో చివరి ఎర్రర్ వదిలేసి పైకి స్క్రోల్ చేసి మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఆగాడు. తర్వాత గిట్ బైసెక్ట్ పెట్టాడు, అంటే కమిట్లను (సేవ్ చేసిన కోడ్ మార్పులను) ప్రతిసారీ సగానికి కోస్తూ తప్పు తెచ్చినదాన్ని వెతికే కమాండ్. వెయ్యి కమిట్లున్నా పదిసార్లు పరీక్షిస్తే తప్పు ఎక్కడ మొదలైందో తేలిపోతుంది. బైనరీ సెర్చ్ పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో, దాన్ని అలా వాడొచ్చని మాత్రం తట్టలేదు. చివరికి చూస్తే ఇంకో టెస్టు డేటాబేస్‌లో ఒక వరుస వదిలేసి పోతోంది. సీఐలో టెస్టులు నడిచే క్రమం వేరు, అందుకే అక్కడే బయటపడింది.

పుల్ రిక్వెస్ట్‌లో (మార్పును కలపమని టీమ్‌కి పంపేదాంట్లో) ఆ ఫిక్స్ ఒక్క లైను. దాన్ని ఎలా పట్టుకున్నాడో అందులో ఎక్కడా ఉండదు.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. ఎంఐటీలో థామస్ ఆలెన్ 1970లలోనే ఇంజినీర్లను గమనించి చెప్పాడు: సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు గబగబా తగ్గిపోతాయి, 50 మీటర్లు దాటాక వారానికోసారి మాట్లాడుకోవడమూ అరుదే.

ప్యాచ్_పంపినవాడు:
స్క్రీన్ షేర్ ఉందిగా? టీమక్స్ అనే టూల్‌లో ఇద్దరూ ఒకే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) చూస్తూ పనిచేయొచ్చు. 1970లలో అవి లేవు.

బైసెక్ట్:
ఉన్నాయి. కానీ కాల్ అడగాలంటే సందేహం "అంత పెద్దదేనా" అని ముందు మనమే తూకం వేసుకుంటాం. చిన్న సందేహాలు అక్కడే ఆగిపోతాయి. మొదటి నెలలో ఉండేవన్నీ చిన్న సందేహాలే.

లాగ్స్_చదివే_అమ్మాయి:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. నేనూ ఊరు మారాను. తీరా వెళ్తే నా టీమంతా వేరే ఊళ్లో! ఖాళీ ఫ్లోర్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని రోజంతా వీడియో కాల్స్. సాయంత్రం గదికొస్తే మాట్లాడే మనిషి లేరు. అద్దే కట్టాను, రిమోటే చేశాను. ఆఫీసు ఉందని చూసి వెళ్లొద్దు, మెంటార్ ఎక్కడ కూర్చుంటారో అడిగి వెళ్లండి.

బైసెక్ట్:
మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నేను ఊరు గురించి మాట్లాడట్లేదు, పక్క సీటు గురించే మాట్లాడుతున్నా. తమ్ముడూ, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు: మెంటార్ ఎవరు, వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకొస్తారు, మొదటి నెల బస వాళ్లే చూస్తారా. అప్పు చేసి వెళ్లాల్సి వస్తే మాత్రం వద్దు. నెలాఖరు లెక్క బుర్రలో తిరుగుతుంటే ఏ డీబగ్గింగూ ఎక్కదు.

థర్డ్‌ఇయర్_సీఎస్:
అడిగాను అన్నా. బస రెండు వారాలు ఇస్తారట. మెంటార్ సంగతి "చేరాక చెప్తాం" అన్నారు. రిమోట్ వాళ్లు మెంటార్ పేరు చెప్పి, రోజూ అరగంట పెయిరింగ్ (ఇద్దరూ కలిసి ఒకే కోడ్ మీద పనిచేయడం) ఉంటుందని కూడా రాశారు.

లాగ్స్_చదివే_అమ్మాయి:
నాకూ అప్పట్లో "చేరాక చెప్తాం" అనే అన్నారు.

బైసెక్ట్:
అయితే ఇంకోసారి అడుగు, ఈసారి టీమ్ మేనేజర్‌తో పది నిమిషాలు మాట్లాడించమను. ఈలోగా రిమోట్ వాళ్లను కొద్దిరోజులు గడువు అడిగి చూడు. మేనేజర్ కూడా దాటేస్తే రిమోటే తీసుకో, నేనైనా అదే చేస్తాను.