‘పిండంతే నిప్పటి’: అన్నమయ్య దేవుణ్ణి మన కొలతకు కుదించాడా?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. సందేహం మాట గురించే, అది పుట్టిన చోటు మాత్రం వేరు. పోయిన వారం నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. బయట బెంచీ మీద కూర్చుని అమ్మ సన్నగా ‘ఎంత మాత్రమున ఎవ్వరు తలచిన అంత మాత్రమే నీవు’ అని పాడుకుంటోంది. చిన్నప్పటి నుంచీ వింటున్న కీర్తనే. ఆ రోజు మాత్రం పల్లవి దాటి నా మనసు ముందుకు కదల్లేదు. ఎవరు ఎంత అనుకుంటే దేవుడు అంతే అయితే, ఆ గంటలో నా నమ్మకం గోరంత. మరి ఆయనా గోరంతేనా? సహస్రనామంలో ‘సర్వజ్ఞః’ అంటాం, ‘అప్రమేయః’ అంటాం. అన్నీ తెలిసినవాడు, కొలతకు అందనివాడు. ఇక్కడేమో పిండి ఎంతో నిప్పటి అంత అంటున్నాడు అన్నమయ్య. రెండూ ఎలా పొసగుతాయి?

పీలేరు నుంచి ఒకరు

అసలు సంగతి పెద్దలు చెబుతారు. నిప్పటి గురించి నేను చెబుతాను. మా వైపు ఇప్పటికీ నిప్పట్లు అనే అంటాం. బియ్యప్పిండిలో వేరుశనగ గుళ్ళు, పచ్చిశనగపప్పు, కారం వేసి, తట్టి నూనెలో వేస్తాం. ఇతర జిల్లాలవారు వీటినే చెక్కలు అంటారు. కన్నడంలో నిప్పట్టు. 1408లో పుట్టిన కవి వాడిన వంటింటి మాట మా ఇంట్లో డబ్బాలో ఉందంటే ఎంత సంతోషమో!

మదనపల్లె నుంచి ఒకరు

కారం కాదండీ, బెల్లం. మా మేనత్త చేసేవి బెల్లపు నిప్పట్లే.

చిత్తూరు నుంచి, తెలుగు చెప్పి రిటైరైన ఒక మాస్టారు

బెల్లమా కారమా అన్నది తర్వాత చూద్దాం. ముందు నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

మీరు పల్లవి దగ్గర ఆగిపోయారు. ఆ కీర్తనలో అక్కడ ఆగకూడదు, ఎందుకంటే అది మొదటి నుంచి చివరిదాకా కొలతల మీదే నడుస్తుంది. ‘మాత్రము’ అంటే కొలత. సంస్కృతంలో ‘మా’ ధాతువుకు కొలవడం అని అర్థం. మాత్ర, ప్రమాణం, మీరు చెప్పిన అప్రమేయం అన్నీ దాని పిల్లలే. అంటే మీరు ఎదురెదురుగా నిలబెట్టిన రెండు మాటలూ ఒక ఇంటివే. ఇక అనుపల్లవిలో పిండి, నిప్పటి. చరణాల్లో ‘తలపుల కొలదుల భజింతురు’, ‘నీరు కొలది తామరవు’. ఈ కొలదే నేటి వాడుకలో ‘కొద్దీ’ అయింది. పిండి కొద్దీ రొట్టె అంటామే, అదే.

తమాషా ఏమిటంటే, మొదటి చరణం ‘కొలుతురు మిము వైష్ణవులు కూరిమితో విష్ణుడని’ అని ఎత్తుకుంటుంది. తెలుగులో కొలుచు అంటే సేవించడమూ అవుతుంది, పరిమాణం చూడడమూ అవుతుంది. వైష్ణవులు, వేదాంతులు, శైవులు, కాపాలికులు, శాక్తేయులు, అందరూ కొలిచేవారే. ఎవరి చేతిలో ఏ పాత్ర ఉంటే దానితో కొలుస్తున్నారు. పాత్ర నిండింది కాబట్టి సముద్రం ఇంతే అని పాత్ర అనుకుంటే అది పాత్ర సంగతి.

ఇప్పుడు మీ గోరంత నమ్మకం దగ్గరికి వద్దాం. రెండో చరణంలో ‘అల్పబుద్ధి తలచిన వారికి అల్పంబగుదువు’ అన్నాడు. ‘వారికి’లో ‘కి’ అన్న షష్ఠీ విభక్తిని గట్టిగా పట్టుకోండి. స్వామి అల్పుడైపోతాడని కవి అనలేదు, వారికి అల్పుడుగా ఉంటాడన్నాడు. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఈ విభక్తిని మింగేసేవారు, దాంతో అర్థం తలకిందులయ్యేది. ఎక్కడో అనుమానం మిగులుతుందేమోనని మూడో చరణం మొదట్లోనే తేల్చేశాడు: ‘నీ వలన కొరతే లేదు’. ఇప్పటి ‘వల్ల’ లాగా దీన్ని కారణంగా చదివితే చప్పబడుతుంది. నీ వైపు నుంచి లోటు లేదు అని చదవండి. తామర ఎత్తు నీటిని బట్టి ఉంటుంది. భాగీరథి ఒడ్డున బావి తవ్వితే ఊరేది ఆ జలమే. బావి లోతు రెండు మూరలే కావచ్చు. నది రెండు మూరలని ఎవరంటారు?

అన్నిటికన్నా నాకు ఇష్టమైన మాట ఆ తర్వాత వస్తుంది: ‘మము చేకొని ఉన్న దైవమని’. చేకొను అంటే చేతిలోకి తీసుకోవడం. ఇక్కడ కర్త ఆయన. పట్టుకున్నది ఆయన చెయ్యి, మీ చెయ్యి కాదు. ఆ బెంచీ మీద మీ పట్టు సడలి ఉండవచ్చు. కీర్తన దాని మీద ఆధారపడలేదు. ‘ఈవల నే నీ శరణనియెదను’ అని ఇవతలి గట్టున ఉన్నవాడు చేయగల పని ఒక్కటే చెప్పి ఊరుకున్నాడు.

ఇంకొకటి, ఇది పూర్తిగా నా ముచ్చట. మీ ఊళ్ళో గోవిందరాజస్వామి తల కింద కుంచం, అదే గింజలు కొలిచే పాత్ర, పెట్టుకుని పడుకున్నాడని చెబుతారు కదా. తమ్ముడి పెళ్ళి అప్పు కుబేరుడికి తీర్చడానికి ధనం కొలిచి కొలిచి అలసిపోయాడట. అన్నమయ్యే మరో కీర్తనలో ‘చెలగి వసుధ గొలిచిన నీ పాదము’ అన్నాడు. మనం కొలిచేది ఎవరినయ్యా అంటే, మూడడుగులతో లోకాలు కొలిచి, కుంచంతో కాసులు కొలిచినవాణ్ణి. కొలవడం ఆయన పని. మనకు మిగిలింది ఆ మాటకున్న ఇంకో అర్థం, సేవించడం.

పలమనేరు నుంచి ఒకరు

మాస్టారూ, గజేంద్రుణ్ణి మరిచారు. పోతన ఏనుగు ‘కలడు కలండనెడువాఁడు కలడో లేడో’ అని నేరుగానే అనుమానపడింది. ఆ అనుమానం చూసి విష్ణువు వైకుంఠంలో ఆగలేదు. గోరంత నమ్మకంతో పని జరిగిన కథ అది.

తిరుపతి నుంచి మరొకరు

నాది పక్కదారి ప్రశ్న. తిరుమలలో పూలమాలల తోమాల సేవ అయ్యాక కొలువు, అంటే స్వామి దర్బారు, జరుగుతుంది. కొలువు శ్రీనివాసమూర్తిని స్నపన మండపంలో ఆసీనుణ్ణి చేసి పంచాంగం వినిపిస్తారు, ముందురోజు హుండీ ఆదాయం చదువుతారు. సర్వజ్ఞుడికి తిథి చెప్పాలా? లెక్క చెప్పాలా?

చిత్తూరు నుంచి ఒకరు

నేను ముప్పై ఏళ్ళు బెల్లం మండీలో లెక్కలు రాశాను. రోజూ సాయంత్రం యజమానికి చిట్టా చదివేవాణ్ణి. ఆయనకు పైసలతో సహా ముందే తెలుసు, నాకూ ఆ సంగతి తెలుసు. అయినా చదవడం మానలేదు. చదివి పుస్తకం మూస్తే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది. కొలువు సంగతి పండితులు చెప్పాలి, నాకు తెలిసింది ఇంతే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు, నిన్నటి నుంచి ఇడ్లీ తింటున్నారు. ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. ‘వారికి’ దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. చేకొని అన్న మాటకు ఏమీ అనలేదు, పవిట చెంగు సర్దుకుంది. చిట్టా చదివిన వారిది ఏ ఊరని అడిగింది. ఆఖరున, నిప్పట్లలో బెల్లం వేస్తామన్నది ఎవరు, ఆ మదనపల్లె వారిని ఒకసారి మన ఇంటికి రమ్మను అంది.