రాష్ట్రపతికి నోరు ఉండొచ్చా? నారాయణన్ గారి సంగతి తేల్చండి

కృష్ణాతీరం | రాత్రి 8:10
మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టి 'రాష్ట్రపతి రాజకీయాలు మాట్లాడవచ్చా' అని అంశం ఇచ్చారట. మాది కె.ఆర్. నారాయణన్‌ను పట్టుకుని, మాట్లాడవచ్చు, మాట్లాడి తీరాలి అని దంచి వచ్చింది. జడ్జిగా వచ్చిన పెద్దమనిషి "రబ్బరు స్టాంపుకి నోరేమిటమ్మా" అని నవ్వి రెండో బహుమతి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని నాతో వాదన. నాకు తెలిసిందల్లా ఆయన 1997 నుంచి 2002 దాకా ఉన్నాడని, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడని. తెలిసినవాళ్లు చెప్పండి. ఆయన గీత దాటాడా, లేదా?

లాపాయింట్ | 8:31
దాటాడు. అనుమానమే లేదు. 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీద నడవాలి. 44వ సవరణ తర్వాత ఒక్కసారి 'మళ్లీ ఆలోచించండి' అని వెనక్కి పంపవచ్చు. రెండోసారి వస్తే సంతకమే. ఆయన పరిధి అంతవరకే. 2000 జనవరి 27న పార్లమెంటు సెంట్రల్ హాల్లో, ప్రధాని వాజ్‌పేయి ఎదుటే, "రాజ్యాంగం మనల్ని విఫలం చేసిందా, మనమే రాజ్యాంగాన్ని విఫలం చేశామా" అని అడిగాడు. అప్పటికే ప్రభుత్వం రాజ్యాంగ సమీక్షకు కమిషన్ వేస్తానని చెప్పి ఉంది. అంటే తన ప్రభుత్వాన్నే నిండు సభలో నిలదీశాడన్నమాట. అది ప్రతిపక్ష నాయకుడు చేసే పని.

ఇంకోటి. 1998 లోక్‌సభ ఎన్నికల్లో క్యూలో నిలబడి ఓటు వేశాడు. అంతకు ముందు పదవిలో ఉండి ఓటు వేసిన రాష్ట్రపతి లేడు. రేపు హంగ్ వస్తే ఎవరిని పిలవాలో తేల్చాల్సిన మనిషి ఇవాళ ఒక గుర్తు మీద ముద్ర కొడతాడా?

వేపచెట్టు | 8:34
ఓటేసుడు గూడ తప్పేనా అన్నా? గట్లయితే మా ఊరోళ్లందరం జైల్ల ఉండాలె.

డల్లాస్‌బాబాయ్ | 8:40
కలాం గారి ముందు ఎవరైనా దిగదుడుపే.

రిటైర్డ్‌మాస్టారు | 9:02
నేను చెబుతుంటే మా మనవడు టైపు చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి.

లాపాయింట్ గారూ, హంగ్ రేపు కాదండీ, ఆ ఎన్నికల్లోనే వచ్చింది. క్యూలో నిలబడి ఓటు వేసిన నెలకే, 1998 మార్చిలో, ఆయన ప్రభుత్వం ఏర్పాటుకి పిలిచింది వాజ్‌పేయినే. ఊరికే పిలవలేదు, మద్దతు లేఖలు తెమ్మన్నాడు. జయలలిత గారి లేఖ రావడానికి ఎన్ని రోజులు పట్టిందో అప్పట్లో పేపరు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన తెలుగుదేశం తటస్థంగా ఉంటానంటే ఆ లెక్క కూడా వేసుకునే పిలిచాడు. ఇందులో పక్షపాతం ఎక్కడుంది?

ఫైళ్లు వెనక్కి పంపింది కూడా చూడండి. 1997 అక్టోబరులో యూపీలో కళ్యాణ్‌సింగ్ ప్రభుత్వాన్ని రద్దు చేయమని అప్పటి ప్రధాని గుజ్రాల్ మంత్రివర్గం సిఫారసు చేస్తే తిప్పి పంపాడు. లాభం బీజేపీకి. 1998 సెప్టెంబరులో బీహార్లో రబ్రీదేవి ప్రభుత్వాన్ని తీసేయమని వాజ్‌పేయి మంత్రివర్గం పంపితే అదీ తిప్పి పంపాడు. లాభం లాలూకి. 1999 ఫిబ్రవరిలో బీహార్లో దళితుల ఊచకోతలు జరిగాక మళ్లీ పంపితే సంతకం పెట్టాడు. మీరు చెప్పిన 44వ సవరణ అక్షరాలా అదే కదా? తాను రబ్బరు స్టాంపును కాదు, పనిచేసే రాష్ట్రపతిని అన్నాడు. రాజ్యాంగం గీసిన నాలుగు గీతల లోపలే అని కూడా అన్నాడు. ఆ రెండో ముక్క ఎవరూ చెప్పరు.

లాపాయింట్ | 9:15
ఫైళ్ల సంగతి నేను తప్పన్నానా? అది ఆయన హక్కు. నేను అడిగింది ఓటు గురించి. దానికి జవాబు రాలేదు.

పల్నాటిబాట | 9:22
మీ అధికరణాల గొడవ నాకు తెలియదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబెట్టారు. దోపిడీ కోసం పెట్రోలు చల్లారు, 23 మంది కాలిపోయారు. కోర్టులన్నీ ఉరి అన్నాయి. ముందున్న రాష్ట్రపతి క్షమాభిక్ష కుదరదన్నాడు. ఈయన వచ్చాక 1998లో యావజ్జీవం చేశాడు. ముద్దాయిలు దళితులని ఉద్యమాలు జరిగాయి, పెద్ద పెద్ద రచయితలు ఉత్తరాలు రాశారు. ఆ బస్సులో పోయినవాళ్ల కోసం ఎవరు రాశారు? సామాజిక న్యాయం అంటే ఇదేనా?

లాపాయింట్ | 9:27
పల్నాటి గారూ, ఈ ఒక్క విషయంలో నేను నారాయణన్ పక్షం. 72వ అధికరణం కింద క్షమాభిక్ష కూడా మంత్రివర్గం సలహా మీదే. అది ఆయన ఒక్కడి ఖాతాలో రాయకూడదు.

వేపచెట్టు | 9:28
ఇగ సూడుండ్రి, లాపాయింట్ అన్న పార్టీ మారిండు.

రిటైర్డ్‌మాస్టారు | 9:50
బస్సు గురించి నేను వాదించను. ఆ కుటుంబాల ముందు నిలబడి వాదించే మొహం ఎవరికీ లేదు. ఉరి తగ్గింది, జైలు తగ్గలేదు, అంతే చెప్పగలను.

సామాజిక న్యాయం అన్నారు కాబట్టి ఒకటి చెబుతాను. నారాయణన్ గారిది ఉళవూరు, కొట్టాయం దగ్గర. రోజూ మైళ్ల కొద్దీ నడిచి బడికి వెళ్లేవాడు. ఫీజు కట్టలేని రోజుల్లో లోపలికి రానివ్వకపోతే క్లాసు బయట నిలబడి పాఠం వినేవాడు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 1971లో నేను ఆరో తరగతి. పరీక్ష ఫీజు కట్టలేదని మా బళ్లో నన్ను వరండా చివర నిలబెట్టారు, సరిగ్గా మంచినీళ్ల కుండ పక్కన. ఎండాకాలం. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి, సత్తు గ్లాసు ముంచుకుని, తాగి, మిగిలిన చుక్కలు నేల మీద విదిలించి పోతున్నారు. ఆ చుక్కలు నా పాదాల మీద పడేవి. ఆ కుండ నేను ముట్టకూడదు. మధ్యాహ్నం గంట కొట్టేదాకా అలాగే నిలబడ్డాను. ఆ రోజు పాఠం ఏమిటో గుర్తులేదు గానీ పాదాలు తడవడం గుర్తుంది.

అలాంటి చోటు నుంచి వచ్చినవాడు ఇంగ్లీషు ఎం.ఏ.లో మొదటివాడిగా నిలిచినా, తిరువాన్కూరులో లెక్చరర్ ఉద్యోగం ఇవ్వలేదు. స్నాతకోత్సవానికి వెళ్లి డిగ్రీ పుచ్చుకోనన్నాడు. తర్వాత లండన్‌లో రాజనీతి పండితుడు లాస్కీ దగ్గర చదివాడు, చైనాలో, అమెరికాలో రాయబారిగా పనిచేశాడు. అన్నీ అయ్యాక ఆ కుర్చీలో కూర్చున్నాడు. అక్కడికొచ్చి కూడా నోరు మూసుకోవాలా?

కృష్ణాతీరం | 9:58
మాస్టారూ, మా అమ్మాయికి ఇది చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు.

డల్లాస్‌బాబాయ్ | 10:04
సార్, మీ బాధ అర్థమైంది. కానీ కలాం గారు కూడా పడవల ఊరి నుంచి వచ్చారు, పేపర్లు వేశారు. ఎప్పుడూ కులం మతం ఎత్తలేదు. అందరికీ నచ్చారు.

రిటైర్డ్‌మాస్టారు | 10:12
కలాం గారు 2006లో లాభదాయక పదవుల బిల్లు, అదే, అలాంటి పదవులున్నా ఎంపీలకు సభ్యత్వం పోకుండా కాపాడే బిల్లు, తిప్పి పంపారు. అప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. నారాయణన్ ఫైలు తిప్పి పంపితే రాజకీయం. చెప్పండి బాబాయ్, తేడా ఎక్కడుంది?

డల్లాస్‌బాబాయ్ | 10:13
తేడా ఉంది సార్. ఆలోచించి చెబుతా.

(ఆయన మళ్లీ రాలేదు. డల్లాస్‌లో పొద్దున్నే ఆఫీసు కదా. - కృష్ణాతీరం)

లాపాయింట్ | 10:30
కన్నీళ్లు పెట్టించి చర్చ గెలవడం నాకు నచ్చదు మాస్టారూ. మీ కుండ కథకు నారాయణన్ బాధ్యుడు కాదు, నేనూ కాను. అసలు గీత దాటింది చెబుతాను. 1999 జనవరిలో పేపర్లకెక్కిన సంగతి. సుప్రీంకోర్టు జడ్జీల నియామకం ఫైలు వస్తే దాని మీద నోటు రాశాడు: ఎస్సీ ఎస్టీలు జనాభాలో 25 శాతం ఉన్నారు, వాళ్లను, మహిళలను కూడా పరిగణించడం రాజ్యాంగ సూత్రాలకు తగినట్టు ఉంటుందని. జడ్జీలకు కూడా కోటానా? ప్రధాన న్యాయమూర్తి ఆనంద్ గారు ప్రతిభే ప్రమాణం అని జవాబు రాయాల్సి వచ్చింది.

రిటైర్డ్‌మాస్టారు | 10:41
కోటా అన్న మాట అందులో లేదండీ. 'పరిగణించండి' అన్నాడు. మన తెలుగువాడు జస్టిస్ కె. రామస్వామి 1997 జులైలో రిటైరయ్యాడు. ఆ తర్వాత సుప్రీంకోర్టులో ఒక్క దళిత జడ్జీ లేడు. 2000లో కె.జి. బాలకృష్ణన్ వచ్చేదాకా ఆ స్థానం ఖాళీయే. ఆయన 2007లో ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యాడు. ఆ వాక్యంలో మీకు గుచ్చుకున్నదేమిటో చెప్పండి. నిజంగా అడుగుతున్నా.

లాపాయింట్ | 11:05
చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నా. అదే 1999. మా ఆఫీసులో రోస్టర్ పాయింటు, అంటే ప్రమోషన్లలో రిజర్వేషన్ వంతు, అని చెప్పి నాకంటే ఆరేళ్లు జూనియర్‌ని సూపరింటెండెంట్ చేశారు. ఆ అబ్బాయికి నోట్ ఫైలు రాయడం నేర్పిందే నేను. తర్వాత నేను పెట్టిన ఫైళ్ల మీద ఆకుపచ్చ సిరాతో 'ప్లీజ్ డిస్కస్' అని రాసి నాకే వెనక్కి పంపేవాడు. లేచి వెళ్లి వాడి బల్ల ముందు నిలబడాలి. నేను సీనియర్ అసిస్టెంటుగానే రిటైరయ్యాను. మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు, కోర్టు స్టే ఉందని అబద్ధం చెప్పాను. ఆ రోజుల్లో పేపర్లో ఈ నోటు వార్త చదివినప్పుడు, పై నుంచి కింద దాకా అందరూ కలిసి నా మీద పడ్డారనిపించింది. తప్పే కావచ్చు. అనిపించింది.

వేపచెట్టు | 11:09
అన్నా, గీ ముచ్చట మొదలే చెప్తే మూడు గంటల సంది ఓటు ఓటు అని కొట్లాడేటోళ్లం కాదు గదా.

రిటైర్డ్‌మాస్టారు | 11:16
ఆ అబ్బాయి పని సరిగ్గా చేశాడా, లేదా?

లాపాయింట్ | 11:17
చేశాడు. అది కాదు విషయం.

రిటైర్డ్‌మాస్టారు | 11:24
నాకు అదే విషయం. మీరు నిలబడ్డ బల్ల ముందు మావాళ్లు ఎన్ని తరాలు నిలబడ్డారో లెక్క కడదామా? మీకు నొప్పి కలగలేదని నేను అనను. కానీ రాష్ట్రపతి మాట్లాడకూడదని మీరు రాత్రి ఎనిమిదిన్నర నుంచి చెబుతున్నారు చూశారా, అది నిజం కాదు. ఆయన *ఇది* మాట్లాడకూడదు, అంతే. ఏ యోగా గురించో, దేశభక్తి గురించో మాట్లాడి ఉంటే మీరు 74వ అధికరణం బయటికి తీసేవారే కాదు.

లాపాయింట్ | 11:31
మాటలు జాగ్రత్త మాస్టారూ. మీరు కూడా అంతే. 1979లో మన నీలం సంజీవరెడ్డి గారు జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వకుండా లోక్‌సభ రద్దు చేశారు. చరణ్‌సింగ్ సలహా మీదే చేశారు, నా లెక్కలో సరే. మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. మీకూ రాష్ట్రపతి మీవైపు ఉన్నప్పుడే అధికారం కావాలి.

రిటైర్డ్‌మాస్టారు | 11:35
ఒప్పుకోను. దేశానికి దళిత ప్రధాని వచ్చే అవకాశం ఆ సంతకంతో పోయింది.

అడ్మిన్ | 11:38
ఇద్దరూ పెద్దవాళ్లు. వ్యక్తిగతం వద్దు. పల్నాటిబాట పెట్టిన ఇంకో రెండు పోస్టులు తీసేశాను, కారణం ఆయనకు తెలుసు.

లాపాయింట్ | 11:52
సరే, చివరిగా ఒకటి. గుజరాత్. 2002 అల్లర్లప్పుడు ఆయనే రాష్ట్రపతి. జులై దాకా ఉన్నాడు. అప్పుడు గట్టిగా ఏమీ అనలేదు. 2005లో, ఇంట్లో కూర్చుని, ఒక మలయాళ పత్రికకు కేంద్రం, రాష్ట్రం కలిసి చేసిన కుట్ర అని చెప్పాడు. సైన్యాన్ని పంపారు గానీ కాల్చే అధికారం ఇవ్వలేదన్నాడు. సుప్రీంకోర్టు వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) అప్పటి ముఖ్యమంత్రి మీద కేసు నడిపే ఆధారాలు లేవంది, 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పదవిలో ఉండగా అనని మాట దిగాక అనడం ధైర్యమా?

రిటైర్డ్‌మాస్టారు | రాత్రి 12:06
పదవిలో ఉండగా మాట్లాడితే గీత దాటాడంటారు. దిగాక మాట్లాడితే పిరికి అంటారు. ఎప్పుడు మాట్లాడాలో కాస్త ముహూర్తం పెట్టి చెప్పండి.

ఆయన ఊరుకోలేదు. వాజ్‌పేయికి ఉత్తరాలు రాశాడు. 2002 ఫిబ్రవరి 28 నుంచి మార్చి 15 దాకా వాళ్లిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు ఇవ్వమని సమాచార హక్కు కింద ఒకాయన అడిగాడు. కేంద్ర సమాచార కమిషన్ తెప్పించి చూస్తానంది. ప్రభుత్వం కోర్టుకెళ్లింది. 2012లో ఢిల్లీ హైకోర్టు కుదరదని చెప్పింది. ఏ అధికరణం కిందో మీకు చెప్పక్కర్లేదు కదా?

లాపాయింట్ | 12:11
74(2). మంత్రివర్గం సలహా మీద విచారణ కూడదు.

లాపాయింట్ | 12:14
కానీ ఆ ఉత్తరాలు బయటికి రావాలి. అందులో ఎంత మెత్తగా రాశాడో చూస్తే మీకే తెలుస్తుంది.

వేపచెట్టు | 12:15
అన్నా, 74 ఏమాయె?

రిటైర్డ్‌మాస్టారు | 12:19
రావాలి. ఎంత గట్టిగా రాశాడో మీరూ చూద్దురుగాని. మా మనవడు ఆవలిస్తున్నాడు, రేపు వాడికి యూనిట్ టెస్టు ఉంది. ఉంటానండీ.

లాపాయింట్ | 12:21
ఉండండి. ఓటు సంగతి ఇంకా తేలలేదు.