బీటిల్ ఫ్లోర్ తుప్పు: కోసి కొత్త రేకు వేయాలా, కన్వర్టర్ పూసి నెట్టుకురావచ్చా?

పాతబీటిల్:

1970ల నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఒకటి కొన్నాను. ఇంజిన్ నడుస్తోంది, పెయింట్ మెరుస్తోంది, ఆ మెరుపు చూసే మోసపోయాను. వెనక సీటు ఎత్తి బ్యాటరీ తీస్తే దాని కింద రేకు జల్లెడలా ఉంది, అందులోంచి నేల కనిపిస్తోంది. సరే బ్యాటరీ యాసిడ్ కారి తినేసి ఉంటుంది అనుకుని కార్పెట్ కూడా లాగితే, తలుపుల కింద పొడుగునా పోయే హీటర్ ఛానల్ మీద పొక్కులు, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఒకచోట పిడి దాకా దిగిపోయింది. ఎవరు చేశారో గానీ తుప్పు మీదే ఫైబర్‌గ్లాస్ అంటించి, పైన పుట్టీ పెట్టి, దాని మీద నల్ల రంగు కొట్టేశారు.

రెండు సందేహాలు. ఒకటి, రస్ట్ కన్వర్టర్ పూస్తే తుప్పు ఆగిపోతుంది అంటున్నారు, నిజమేనా? రెండు, ఇంట్లో చిన్న మిగ్ వెల్డింగ్ మెషిన్ ఉంది, గేట్లూ స్టాండ్లూ అతికించాను గానీ ఈ రేకు మీద పెట్టగానే ఠప్పున చిల్లు పడుతోంది. తప్పు ఎక్కడ?

రేకుపని:

కన్వర్టర్ మీద పెట్టుకున్న ఆశ కొంచెం తగ్గించుకోండి. అందులో సాధారణంగా ఫాస్ఫారిక్ యాసిడో టానిక్ యాసిడో ఉంటుంది, అది పైపై తుప్పుతో కలిసి ఫాస్ఫేట్‌గానో నల్లటి టానేట్‌గానో మారుతుంది, అంతే. గట్టి రేకు మీద పలచగా పట్టిన ఎర్ర తుప్పుకి, గుంటల్లో మిగిలిన దానికి పనికొస్తుంది. చిల్లు పడిన చోట మార్చడానికి అసలు ఇనుమే లేదు కదా. పెచ్చులు కట్టిన తుప్పు మీద పూస్తే పై పొర మాత్రమే మారి లోపల దాని పని అది చేసుకుపోతుంది.

ఫైబర్‌గ్లాస్ మొత్తం పీకేయండి. అతికినట్టే కనిపిస్తుంది గానీ దానికీ రేకుకీ మధ్య తడి చేరి బయటికి పోలేక అక్కడే కూర్చుంటుంది. తర్వాత ఒక అయస్కాంతానికి గుడ్డ చుట్టి కారంతా తిప్పండి, ఎక్కడ పట్టు వదిలితే అక్కడ పుట్టీ మందంగా ఉన్నట్టు. పక్కనే సుత్తి పిడితో తట్టి చూడండి, మంచి రేకు ఖంగుమంటుంది, పాడైంది మొద్దుగా పలుకుతుంది. ఎంత పోయిందో పెన్సిల్‌తో గీసుకుని, ఆ గీతకి రెండు మూడు సెంటీమీటర్లు అవతల, మెరిసే మందపాటి రేకు దొరికే దాకా కోయాలి. మొదట అరచేయంత అనుకున్నది చివరికి పళ్ళెమంత అవుతుంది, దానికి మనసు సిద్ధం చేసుకోండి.

ఇక అసలు జాగ్రత్త. హీటర్ ఛానల్ వేడి గాలి మోసే గొట్టం మాత్రమే కాదు, బాడీకి బలమంతా అక్కడే. తలుపు ఖాళీలో అడ్డంగా, మూలకి మూల స్టీల్ పైపులు వెల్డ్ చేసి బిగించకుండా దాన్ని కోశారా, బాడీ వంగిపోతుంది, ఆ తర్వాత తలుపు పట్టదు. ఒకవైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి. కొత్త ఛానల్‌ని ముందు కింది పాన్‌కి (కారు అడుగు రేకుకి) బోల్టులతో బిగించి, తలుపు తగిలించి, చుట్టూ సందు సమానంగా ఉందని చూసుకున్నాకే వెల్డ్ చేయాలి. నేను మొదటిసారి ఆ తలుపు పని బద్ధకించాను, తర్వాత వెల్డ్ కోసుకుంటూ కూర్చున్నాను.

టాక్‌వెల్డ్:

చిల్లు సంగతి నేను చెప్తాను. గేటు రేకు వేరు, ఇది వేరు. కారు బాడీ రేకు చాలా చోట్ల మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది, తుప్పు తిన్నాక అందులో సగమే మిగులుతుంది. 0.6 మి.మీ. వైర్ వేసుకోండి, గ్యాస్ ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపినది తీసుకోండి, ఒక్క కార్బన్ డయాక్సైడ్ అయితే కరిగిన లోహం చిమ్మడం ఎక్కువ. కోసిన దాంట్లోంచే ఒక మంచి ముక్క తీసుకుని ముందు దాని మీద సెట్టింగ్ సరిచూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, గీతలా లాక్కుంటూ పోవద్దు. ఒక్క చుక్క పెట్టి ట్రిగ్గర్ వదలాలి, తర్వాతి చుక్క అక్కడికి చాలా దూరంగా, ఆ తర్వాతది ఇంకో మూల. అలా తిరుగుతూ చుక్కల మధ్య చుక్కలు నింపుకుంటూ రావాలి, చెయ్యి పెడితే కాలనంత చల్లారాకే పక్కన ఇంకోటి. తొందరపడితే చిల్లు పడకపోయినా రేకు అప్పడంలా ముడుచుకుంటుంది. వెనక రాగి పట్టీ ఆనించి పెడితే వేడిని లాగేసుకుంటుంది, వెల్డ్ దానికి అంటుకోదు, పడిన చిల్లులు పూడ్చడానికి ఇదే దారి.

బ్యాటరీ కింద ముక్క అయితే అతుకులు వేయకుండా ఆ భాగం రెడీగా అచ్చులో నొక్కి చేసినది దొరికితే అదే తెచ్చుకోండి. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డ్ చేసిన (రెండు రేకుల్ని చుక్కలుగా అతికించిన) చోట్ల కొత్త పాన్ అతికించాల్సి వస్తే, పై రేకులో 8 మి.మీ. రంధ్రాలు వేసి వాటిని వెల్డ్‌తో నింపండి.

రేకుపని:

ఒక్క మాట కలుపుతాను. చాలామంది ముక్కని పాత రేకు మీద ఎక్కించి చుట్టూ వెల్డ్ చేస్తారు, సులువు కాబట్టి. నాకు నచ్చదు, రెండు రేకుల మధ్య సందులో నీళ్ళు నిలుస్తాయి. అంచుకి అంచు ఆనించి, మధ్యలో మిల్లీమీటరు లోపు సందు ఉంచి వెల్డ్ చేస్తే మేలు.

టాక్‌వెల్డ్:

బయట కనిపించే ప్యానెల్‌కి ఒప్పుకుంటాను గానీ, మొదటిసారి చేసేవాడికి ఫ్లోర్‌లో అంచుకి అంచు అంటే ఏడిపించేస్తుంది రేకుపని గారూ. ఎక్కించి వేసినా తప్పు లేదు, సందులో జింక్ ప్రైమర్ ముందే కొట్టాలి, తర్వాత కింద నుంచి పైనుంచి సీమ్ సీలర్ (అతుకు సందు మూసే జిగురు) పెట్టాలి. ఆ సీలర్ మర్చిపోతేనే ప్రమాదం. ప్రైమర్‌ని వెల్డ్ పడే చోట మాత్రం గీకేయండి, చిమ్మడం తగ్గుతుంది.

నిప్పుజాగ్రత్త:

బీటిల్‌లో పెట్రోల్ ట్యాంకు ముందు ఉంది కదా, పని వెనక అని వదిలేయకండి, తీసి బయట పెట్టండి. బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. కార్పెట్, ఫెల్ట్, కింద పూసిన తారు, ఇవన్నీ వెల్డింగ్ అయిపోయాక అరగంటకి కూడా రాజుకుంటాయి, కాబట్టి ఆఖరి చుక్క పెట్టగానే షెడ్డు తాళం వేసి పోవద్దు. జింక్ పూత ఉన్న రేకు అయితే ముందు గ్రైండ్ చేయండి, ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరంతో వణుకుతారు. ఇంకోటి, క్లోరిన్ ఉండే బ్రేక్ క్లీనర్‌తో రేకు తుడిచి దాని మీద వెల్డ్ చేయొద్దు, ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది, ఇది నిజంగా ప్రాణం తీసేది. పాత పెయింట్లో సీసం ఉండొచ్చు, గీకేటప్పుడు మాస్క్ వేసుకోండి.

పాతబీటిల్:

అందరికీ థాంక్స్. అయస్కాంతం తిప్పాను, ఎడమ వెనక ఫెండర్ మీద అరచేయంత చోట అసలు పట్టలేదు. ఇంకా ఎక్కడెక్కడ ఉందో చూడాలంటే టెన్షన్‌గానే ఉంది. రేపటి నుంచి తలుపుల్లో పైపులు కడతాను. ఇంకో చిన్న ప్రశ్న, వెల్డింగ్ అయ్యాక ముందు పుట్టీయా ప్రైమరా? పాత మెకానిక్ ఒకాయన పుట్టీ నేరుగా రేకు మీదే పట్టాలి అన్నాడు.

రేకుపని:

ఆయన మాటా పూర్తిగా తప్పు కాదు, చాలా పుట్టీ డబ్బాల మీద అలాగే రాసి ఉంటుంది. కానీ మామూలు పాలిస్టర్ పుట్టీ తడి పీలుస్తుంది, అందుకే నేను గీకి శుభ్రం చేసిన రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, దాన్ని గరుకు చేసి, పైన పుట్టీ పెడతాను, అది కూడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటకుండా. అంతకంటే మందం కావాల్సి వస్తోందంటే సుత్తి పని ఇంకా మిగిలే ఉందన్నమాట. గీకిన రేకుని మాత్రం రాత్రంతా వదిలేయకండి, గాలిలో తేమకే తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

ఇక ఛానల్ లోపలికి బ్రష్ పోదు. పెయింట్ అంతా అయ్యాక సన్నటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) పంపండి, నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోలేదని తీగ పెట్టి చూడండి. హీటర్ వాడతారనుకుంటే వేడి గాలి నేరుగా పోయే మధ్య గొట్టంలోకి వ్యాక్స్ పోనివ్వకండి, మొదటి చలికాలమంతా కారులో ఆ వాసనే.

పాతబీటిల్:

సరే, ముందు ఆ ఫెండర్ పుట్టీ గీకి చూస్తాను. ఫోటోలు పెడతాను.