మన ఒడ్డున సొంత రేడియో పెడితే అందులో ఏం వినిపించాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ఉప్పాడ కుర్రోడు (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మాది కాకినాడ పక్కన ఉప్పాడ. నాన్న వేటకెళ్లేవారు, అమ్మ ఇప్పటికీ చేపలమ్ముతుంది. తమిళనాడులో రామేశ్వరం పక్కనున్న పాంబన్‌లో కొత్త రైలు వంతెన కట్టేటప్పుడు నేను రెండేళ్లు అక్కడ పనిచేశాను. మా గది కింద ఒక టీ కొట్టు. తెల్లారకముందే అందులో రేడియో మోగేది. కడల్ ఓసై, 90.4 ఎఫ్ఎం. ఆ పేరుకి సముద్రపు హోరు అని అర్థం. 2016 ఆగస్టు 15న మత్స్యకారుల కోసమే మొదలుపెట్టారు. మైకు ముందు కూర్చునేవాళ్లలో వేట కుటుంబాల పిల్లలే ఎక్కువ.

మొదట్లో నాకు తమిళం రాదు. అయినా కొట్టులో వాళ్ల ముఖాలు చూస్తే విషయం తెలిసేది. పాట వస్తున్నంతసేపు ఎవరి కబుర్లు వాళ్లవి. గాలి సంగతి మొదలవగానే టీ పోసే ఆయన గిన్నె కింద పెట్టి సౌండు పెంచేవాడు. గ్లాసులు పట్టుకున్నవాళ్లు మాట ఆపేసేవాళ్లు. అది అయ్యాక కొందరు లేచి ఒడ్డుకు, కొందరు ఇంటికి. ఆ రోజు వేట ఉందో లేదో అక్కడే తేలిపోయేది. 'సముదిరం పళగు' అని ఇంకో కార్యక్రమం ఉండేది, సముద్రంతో పరిచయం పెంచుకో అన్నట్టు. చేపలు ఎందుకు తగ్గుతున్నాయి, వాతావరణం ఎలా మారుతోంది అని పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పేవాళ్లు.

ఊరికి తిరిగొచ్చాక మా ఒడ్డున ఆ గొంతు లేదనే బాధ పట్టుకుంది. మేం పదిమందిమి కూర్చుని మాట్లాడుకుంటున్నాం. డబ్బు సంగతి తర్వాత చూస్తాం. అసలు రోజూ ఏం వినిపిస్తే జనం వింటారు? రూల్స్ ఏమిటి? ఎక్కడైనా పనిచేసినవాళ్లు, విన్నవాళ్లు చెప్పండి.


మైకు ముందు మనిషి (శనివారం రాత్రి)

తమ్ముడూ, నేను ఒక కాలేజీ రేడియోలో ఆరేళ్లు పనిచేశాను. ముందు రూల్స్ చెప్తాను, లేకపోతే ఉత్సాహంలో తప్పటడుగు పడుతుంది.

వ్యక్తి పేరు మీద లైసెన్సు ఇవ్వరు. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు కూడా ఇస్తున్నారు, అంతకుముందు విద్యాసంస్థలకే. మీ సొసైటీ రిజిస్టరై కనీసం మూడేళ్లు అయ్యుండాలి. దరఖాస్తు బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో పెట్టాలి. 100 వాట్ల పవరు, 30 మీటర్ల లోపు టవరు. నేల మీద పది పదిహేను కిలోమీటర్లు బాగా వినిపిస్తుంది. సగం కార్యక్రమాలైనా మీ ఊళ్లో తయారైనవే ఉండాలి. ప్రసారం చేసినదాన్ని మూడు నెలలు దాచి ఉంచాలి.

సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తల్ని ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు వెయ్యొచ్చు. అయితే వాతావరణం, కరెంటు, నీళ్లు, ట్రాఫిక్, పరీక్షలు, ఉద్యోగాల సమాచారం, స్థానిక పండగలు, ప్రకృతి వైపరీత్యాల హెచ్చరికలు వార్తల కింద లెక్కకు రావు. మీకు కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి చూడండి. ప్రకటనలు గంటకు 12 నిమిషాల దాకా వేసుకోవచ్చు. ప్రభుత్వ ప్రకటన పది సెకన్లకు 52 రూపాయలు ఉండేది, 2024లో 74 చేశారు. అయినా దాని మీద స్టేషన్ నడవదు, ఆ సంగతి ముందే తెలిసుండాలి.


భీమిలి వాసి (ఆదివారం ఉదయం)

ఆలోచన మంచిదే, కాదనను. నాకు ఒకటే అనుమానం. బోటు పదిహేను కిలోమీటర్లు దాటిందంటే మీ రేడియో వినిపించదు. కొత్త ఫోన్లు చాలావాటిలో ఎఫ్ఎం లేదు. మా పేటలో గాలి హెచ్చరిక అయినా, ధర అయినా వాట్సాప్ గ్రూపులోనే వస్తోంది. ఇంత ఖర్చు పెట్టి టవరు వేసే బదులు ఒక మంచి గ్రూపు నడిపితే చాలదా?


హుద్‌హుద్ చూసినవాడు (ఆదివారం ఉదయం)

భీమిలి అన్నా, మీరూ ఈ తీరం మనిషే కదా, 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. కరెంటు లేదు, ఫోను లేదు. పెట్రోలు బంకు ఎక్కడ తెరిచారో, పాలు ఎక్కడ ఇస్తున్నారో ఒకరినొకరు అడుగుతూ వీధులు తిరిగాం. మా అపార్టుమెంటులో ఒక్క ముసలాయన దగ్గర సెల్లులతో నడిచే రేడియో ఉంది. సాయంత్రం మెట్ల మీద పాతికమంది కూర్చుని విన్నాం. ఆకాశవాణి తుఫాను సంగతి చెప్పింది గానీ మా వీధికి నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో అది చెప్పలేదు కదా, ఎలా చెప్తుంది? ఆ మాట చెప్పడానికి ఊళ్లో రేడియో ఉండాలి. జనరేటరు, రెండు డ్రమ్ముల డీజిలు, పడిపోయినా మళ్లీ ఎత్తి నిలబెట్టగలిగే చిన్న టవరు. తమ్ముడూ, వీటి లెక్క మాత్రం మొదటి రోజే వేసుకో.


భైరవపాలెం ఆడపడుచు (ఆదివారం మధ్యాహ్నం)

నేనెప్పుడూ చదివి ఊరుకునేదాన్నే, ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

1996 నవంబరు 6, కోనసీమ తుఫాను వచ్చిన రోజు. నాకు తొమ్మిదేళ్లు. మా ఇంట్లో రేడియో ఉంది, చెక్క అలమరలో దేవుడి పటం పక్కన. సెల్లులు అయిపోయి నెల దాటింది. అమ్మ ఆ రోజుల్లో సెల్లుల్ని ఎండలో పెట్టి మళ్లీ వేసేది, కాసేపు పలికేది. ఆ రోజు ఎండ లేదు. మా పెద్దనాన్న పొద్దున్నే వేటకు పోయాడు. రాలేదు. మా వైపు ఊళ్లలో అలా తిరిగి రానివాళ్లు ఎంతమందో.

ఇప్పుడు ఫోన్లున్నాయి, హెచ్చరికలు ముందే వస్తున్నాయి, అది నిజం. కానీ హెచ్చరిక రావడం వేరు, నమ్మడం వేరు. మీటరు ఎత్తు కెరటాలు, గంటకు ఇన్ని కిలోమీటర్ల గాలి అని ఎవరో చదివితే మా మావయ్యలాంటివాళ్లు 'ఇలాంటివి ఎన్ని చూశాం' అంటారు. అదే మాట తమకు తెలిసిన మనిషి, నిన్న తమతో కలిసి వల లాగిన మనిషి, 'ఈ రోజు వద్దురా' అంటే ఆగుతారు. కాబట్టి హెచ్చరిక చదివేవాడు సముద్రం ఎరిగినవాడై ఉండాలి. మా యాసలో చెప్పాలి. ఇది మాత్రం మర్చిపోకు తమ్ముడూ.


బారల లెక్క (ఆదివారం మధ్యాహ్నం)

అక్క చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే అవకాశమున్న చోట్ల గురించి సమాచారం ఇస్తుంది. ఉపగ్రహాలతో సముద్రపు పైనీటి వేడి, నీళ్లలోని పచ్చదనం కొలిచి, ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో అని చెబుతారు. తెలుగులోనూ వస్తుంది. వేట నిషేధం రోజుల్లో మాత్రం ఇవ్వరు.

నేను కొన్నాళ్లు ఆ కాగితం పట్టుకుని రేవుల్లో తిరిగాను. '36 మీటర్ల లోతు' అని చదివితే ఎవరూ తలెత్తలేదు. ఒక పెద్దాయన 'ఎన్ని బారలు బాబూ' అన్నాడు. ఇరవై బారలు అన్నాను. వెంటనే నలుగురు లేచి దగ్గరికొచ్చారు. 'అక్కడ కింద రాయి ఉంటుంది, వల చిరుగుతుంది, కొంచెం దక్షిణానికి పోవాలి' అని వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు. ఆ మాట ఏ ఉపగ్రహానికీ తెలియదు. మీ రేడియోలో అయితే ముందు బారల్లో చెప్పండి, ఆ వెంటనే ఆ పెద్దాయనలాంటివాళ్లతో మాట్లాడించండి.

భీమిలి అన్న అడిగిన దూరం సంగతికి వస్తే, సముద్రం మీద కొండలు, మేడలు అడ్డం లేవు కాబట్టి ఇంకాస్త దూరం వినిపిస్తుంది. అంతకన్నా ముఖ్యం, బోటు కదలకముందే వినడం. పాంబన్‌లో జరిగింది కూడా అదే కదా.


పెంటకోట పూరీ (ఆదివారం సాయంత్రం)

నమస్తే అండి. మేం పూరీలో పెంటకోట మత్స్యకారులం. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నా ఇంట్లో తెలుగే. మా ఒడ్డున వేలమంది తెలుగువాళ్లం. 2019 మే 3న ఫణి తుఫాను మా మీదే తీరం దాటింది. ఒడిశా అంతా కలిపి 12 లక్షల మందిని ముందే షెల్టర్లకు తరలించారు. అంత పెద్ద పని జరిగింది కాబట్టే ఈ రోజు ఇలా రాస్తున్నాను. కానీ మా నాయనమ్మకు ఒడియా సగమే అర్థమవుతుంది. షెల్టరులో మైకులో ఏదో చెప్పినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని 'ఏమంటన్నారు, ఏమంటన్నారు' అని అడిగేది. రాత్రంతా అదే.

కోణార్కులో రేడియో నమస్కార్ ఉంది, 2010లో పెట్టారు, అదీ 90.4 మీదే. ఒకసారి చూడ్డానికి వెళ్లాను. పల్లెటూరి ఆడవాళ్లు మొహమాటం లేకుండా స్టూడియోలో కూర్చుని తమ ఊరి బడి సంగతి, రేషన్ సంగతి మాట్లాడుతున్నారు. మా తెలుగులో కూడా వారానికి ఒక అరగంట ఇలా ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను. మీ ఉప్పాడలోనూ వేరే భాష వాళ్లు, వేరే యాస వాళ్లు ఉండొచ్చు. వాళ్లకూ కాస్త టైమ్ ఇవ్వండి.


జహీరాబాద్ చెల్లె (ఆదివారం రాత్రి)

మా దిక్కు సముద్రం లేదు గని రేడియో ఉన్నది. సంగం రేడియో, మాచ్‌నూర్ల. 2008 అక్టోబర్ 15న షురువైంది. దళిత ఆడవాళ్లే నడుపుతరు. మా అత్త ఎన్నిసార్లు మాట్లాడిందో. విత్తనాల ముచ్చట్లు, తొక్కులు, పండుగ పాటలు, ఏ రోగానికి ఏ ఆకు, అన్నీ వాళ్ల నోటితోనే. పొలం పనులైనంక వింటరు.

ఒక్క మాట అన్నా. రికార్డు చేసెటానికి పొయ్యేటోళ్లు కాగితం మీద ప్రశ్నలు రాసుకొని పోవద్దు. అత్తను ఒకసారి అట్లనే అడిగిన్రు, రెండు ముక్కలు చెప్పి ఊకున్నది. ఆమె పక్కన కూసొని చిక్కుడుకాయ ఒలుసుకుంట అడిగితే గంట మాట్లాడింది.


మగ్గం గుంట (ఆదివారం రాత్రి)

ఉప్పాడ అంటే వేట ఒక్కటే కాదు బాబూ, మేమూ ఉన్నాం. జాందానీ చీర మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుని బుటా వెంట బుటా ఎత్తుకుంటూ పోతాం. కళ్లూ చేతులూ ఖాళీ ఉండవు, చెవులు మాత్రం ఖాళీ. ఫోను పట్టుకుంటే పోగు తప్పుతుంది. రేడియో అయితే పొద్దుటి నుంచి మోగుతూనే ఉంటుంది. పట్టు ధర, జరీ ధర చెప్పండి, మా పెద్దవాళ్ల దగ్గర పాత డిజైన్ల పేర్లు రికార్డు చెయ్యండి. మధ్యాహ్నం ఒక గంట మాకివ్వండి, చాలు.


భీమిలి వాసి (ఆదివారం రాత్రి)

సెల్లులు ఎండలో పెట్టడం మా ఇంట్లోనూ చేసేవాళ్లం. భైరవపాలెం చెల్లెమ్మా, నీ మాట చదివాక గ్రూపు చాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. తమ్ముడూ, నాకో ఆలోచన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఉండదు. మగవాళ్లంతా ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. పనులు నేర్పడానికి, పాటలు రికార్డు చెయ్యడానికి అదే అదను. నిషేధ భృతి 2025లో 20,000 చేశారు. ఎవరి పేరు జాబితాలో లేదో, ఏ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ రోజుల్లో రోజూ చెప్పండి. గత ఏడాది మా పేటలో ఒకతనికి ఆధార్‌లో ఇంటిపేరు అక్షరం తేడా వల్ల డబ్బు ఆగింది. తెలిసేసరికి గడువు అయిపోయింది.


ఉప్పాడ కుర్రోడు (మంగళవారం రాత్రి)

అన్నలకూ అక్కలకూ అందరికీ దండాలు. సంగం రేడియో చెల్లి చెప్పినట్టే చేశాను. నిన్న తెల్లవారుజామున అమ్మతో పాటు ఒడ్డుకు వెళ్లాను. చేపల వేలంపాట జరుగుతోంది. వంజరం గంప మీద నలుగురు పోటీ పడుతున్నారు. అమ్మ కానాగంతల కోసం అరగంట నిలబడింది, ఆ రోజు ఆ చేప రానేలేదు. అక్కడే ఇసకలో పక్కన కూర్చుని, గంపలో గడ్డి సర్దుతూ అడిగాను, 'అమ్మా, ఊళ్లో రేడియో పెడితే నీకు ఏం చెప్పాలి?' అని.

కాసేపు ఆలోచించి చెప్పింది. 'ఏ రేవులో ఏ చేప దిగిందో నాలుగున్నరకల్లా చెప్పు. కవళ్లు ఇక్కడ, కానాగంతలు అక్కడ అని. ఉత్తినే ఆటో డబ్బులు తగలెయ్యను. కాకినాడ బీచి రోడ్డు మీదకు కెరటం వస్తోందా, మూసేశారా, అదీ చెప్పు. పోయినసారి సగం దూరం పోయాక వెనక్కి తిప్పారు, పిఠాపురం మీదుగా పోయేసరికి చేప మెత్తబడిపోయింది, సగం ధరకిచ్చేశాను.' తర్వాత ఇంకో మాట అంది. 'మీ నాన్న వేటలో పాడే పాటలు ఎవరికైనా వచ్చేమో కనుక్కో. నాకు ముక్క ముక్కలే గుర్తున్నాయి.'

పదకొండు నిమిషాలు ఫోనులో రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే గాలి హోరు తప్ప మాట వినపడట్లేదు. మైకు అన్నా, దీనికి ఏం చెయ్యాలి?


మైకు ముందు మనిషి (మంగళవారం రాత్రి)

ఫోను మైకు దగ్గర స్పాంజి ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యి. అది లేకపోతే పాత ఊలు సాక్సు. నువ్వు గాలికి వీపు పెట్టి, అమ్మను ఒడ్డుకు లాగిన బోటు చాటున కూర్చోబెట్టు. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పట్టుకో.


ఉప్పాడ కుర్రోడు (గురువారం ఉదయం)

బోటు చాటు పనిచేసింది అన్నా. మాట స్పష్టంగా ఉంది, వెనక కెరటం సన్నగా వినిపిస్తోంది. అమ్మ మళ్లీ అదే చెప్పింది, ఈసారి పక్కన ఇంకో ముగ్గురు కూర్చుని మధ్యలో అందుకున్నారు. వాళ్లలో ఒకామెకు ఆ వేట పాట నాలుగు చరణాలు వచ్చు. రేపు తెల్లారి మళ్లీ వెళ్తున్నాను.